సోమవారం వరకూ నీళ్లు లేవు

మొన్న సాయంత్రం మా అమ్మాయి నన్ను పేరు పెట్టి పిలిచింది. డేకేర్‌లో టీచర్లందరినీ పేరు పెట్టే పిలుస్తారు. ఇంట్లో వాళ్ల నాన్న నన్ను పేరు పెట్టే పిలుస్తాడు. ఈ రెండూ కలిపి ఏం లెక్క వేసుకుందో, ఇంకా రెండేళ్లు నిండని పిల్ల, వంటింటి గుమ్మంలో నిలబడి, ఖాళీ పాలగ్లాసు ఊపుతూ నా పేరు గట్టిగా పలికింది. మా ఆయన పగలబడి నవ్వాడు. వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "నవ్వుతారేంటర్రా? ఇప్పుడే సరిచెయ్యకపోతే రేపు నన్నూ అలాగే పిలుస్తుంది" అంది.

నాకు నవ్వూ వచ్చింది, దిగులూ పట్టుకుంది. ఈ మధ్య నాకు ప్రతిదానికీ దిగులే. పిల్ల నిద్రపోకపోతే దిగులు, ఎక్కువసేపు నిద్రపోతే లేచి వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేంత దిగులు. ఇప్పుడది పడుకుంది. బేబీ మానిటర్ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. ఎందుకంటే పేరు పెట్టి పిలవడమనే ఈ చిన్న విషయం మీద ఒకప్పుడు నా ఉద్యోగంలో చాలా పెద్ద విషయం ఆధారపడింది. చదువుల కోసం ఈ దేశం వచ్చి, రేపో మాపో ఇక్కడి ఆఫీసుల్లో అడుగు పెట్టబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది పనికొస్తుందేమో చూడండి. ఇది పేర్ల గురించిన సంగతే అయినా ఇందులో ఎవరి పేరూ రాయను. అందరూ ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, నేనేమో అసలే భయస్తురాలిని.

కెనడాలో, విన్నిపెగ్‌లో ఒక యూనివర్సిటీ హెచ్‌ఆర్‌లో నాకు కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. పని ఏమిటో మా మేనేజర్ మొదటి రోజే చెప్పింది. ఆవిడ ఇక్కడి ప్రెయిరీ గడ్డిమైదానాల్లోనే పుట్టి పెరిగిన మనిషి, మాటలు పొదుపు. "ఈ క్యాంపస్‌లో స్పానిష్ వినాలంటే ఫ్రంట్ డెస్కుల దగ్గరికి వెళ్లు, ల్యాబుల్లోకి వెళ్లు, సాయంత్రం క్లీనింగ్ వాళ్లతో పాటు నడువు. నిర్ణయాలు జరిగే పై అంతస్తుకు వెళ్లావనుకో, ఒక్క మాట వినపడదు. మన పని దాన్ని మార్చడం."

లాటిన్ అమెరికా నుంచి వచ్చి ఏళ్ల తరబడి యూనివర్సిటీలో పనిచేస్తున్నవాళ్లలో కొందరిని ఎంపిక చేసి, పెద్ద పదవులకు తయారుచేసే చిన్న కార్యక్రమం అది. బడ్జెట్ చదవడం నేర్పించేవాళ్లం, పెద్దవాళ్ల మీటింగుల్లో కూర్చోబెట్టేవాళ్లం, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టేవాళ్లం. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బేస్‌మెంట్‌లో సమోసాలు తింటూ ఈ మాట చెబితే ఒక ఆంటీ నోరు వెళ్లబెట్టింది.

"వాళ్లని పైకి తేవడానికి మన గుంటూరమ్మాయా? మరి మనోళ్లని ఎవరు తెస్తారే?"

"వాళ్లకి తలుపు తీస్తే వెనకాలే మనమూ దూరిపోవచ్చు ఆంటీ."

"దూరుదువుగానీ, ముందు ఆ కోటు జిప్పు పెట్టుకో. కడుపుతో ఉన్నదానివి."

అవును, అప్పుడు మా అమ్మాయి నా కడుపులో ఉంది.

ఇంతకీ నా అసలు కష్టం ఏమిటంటే, అక్కడ అందరూ అందరినీ పేరు పెట్టి పిలుస్తారు. ప్రెసిడెంట్‌నీ, డీన్‌నీ, జుట్టు నెరిసిన ప్రొఫెసర్‌నీ కూడా. నాకు నోరు తిరిగేది కాదు. మా అమ్మమ్మ జీవితమంతా తాతయ్యను "ఏవండీ" అని పిలిచినట్టు, నేను ఫైనాన్స్ చూసే వైస్ ప్రెసిడెంట్ గారిని "హాయ్" అని పిలిచేదాన్ని. ఆయన అటు తిరిగి ఉంటే చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడేదాన్ని. ఒకసారి మా మేనేజర్‌కు "రెస్పెక్టెడ్ మేడమ్" అని మెయిల్ పెడితే, నా డెస్కు దగ్గరికి వచ్చి, "ఎవరు చనిపోయారు?" అని అడిగింది.

అలాంటి నాకు, అదే జబ్బు ఉన్న ఇంకో మనిషి శిష్యురాలిగా దొరికింది.

ఆవిడది కొలంబియా, బొగోటా దగ్గర కొండల్లో ఒక ఊరు. మా రిజిస్ట్రార్ ఆఫీసులో అసిస్టెంట్‌గా ఎంతో కాలంగా ఉంది. అడ్మిషన్ల నుంచి డిగ్రీ పట్టాల దాకా ఏది ఎక్కడ ఆగిపోయినా అందరూ ఆవిడ దగ్గరికే పరుగెత్తేవాళ్లు. వాళ్ల ఊళ్లో అమ్మను కూడా "సుమెర్సే" అంటారట. అంటే మన "తమరు" లాంటిది. ఇక కాస్త చదువుకున్నవాళ్లు, టై కట్టుకున్నవాళ్లు, ఆఫీసులో కుర్చీ ఉన్నవాళ్లు అందరూ డాక్టర్లే. మగవాళ్లయితే డాక్టర్, ఆడవాళ్లయితే డాక్టోరా. మొదటి రోజే నన్ను "గుడ్ మార్నింగ్, డాక్టోరా" అంది. నేను "గుడ్ మార్నింగ్, మేడమ్" అన్నాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, ఇక వీళ్లు బాగుపడరు అన్నట్టు నవ్వుకున్నాం. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే. నా చెవికి అది ఎప్పుడూ తెలుగులాగే వినపడేది కాబట్టి అలాగే రాస్తున్నాను.

ఆ అలవాటు ఆవిడను ఒకసారి దెబ్బకొట్టింది. అంతకు ముందు ఒక పదవికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, ప్యానెల్‌లో ఉన్న ఈ ఫైనాన్స్ వైస్ ప్రెసిడెంట్‌ను మాటమాటకూ "డాక్టర్" అంది. ఆయన పీహెచ్‌డీ మధ్యలో వదిలేసిన మనిషి. ఆ సంగతి ఆవిడకు తప్ప అందరికీ తెలుసు. ఎగతాళి చేస్తోందేమోనని ఆయన ముఖం ఎర్రబడిందట. ఇంటర్వ్యూ తర్వాత వచ్చిన అభిప్రాయం నాకు మా మేనేజర్ చెప్పింది: "చాలా మర్యాదస్తురాలు. అద్భుతమైన నంబర్ టూ."

"మెచ్చుకున్నట్టే ఉందిగా?" అన్నాను.

"ఈ దేశంలో మర్యాదకు తలుపు పట్టుకుని నిలబడే పని దొరుకుతుంది. లోపలికి వెళ్లే పని దొరకదు" అంది.

ఇంతలో మా రిజిస్ట్రార్ రిటైర్ అవుతున్నట్టు ప్రకటించాడు. రిజిస్ట్రార్ అంటే ఎంతమందిని చేర్చుకోవాలి, ఎవరు ఏ క్లాసులో కూర్చోవాలి అన్నవన్నీ చూసే పెద్ద కుర్చీ. అలాంటి కుర్చీ మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలియదు. కొలంబియా ఆవిడ అప్లై చేసింది. ఈసారి కూడా నంబర్ టూ అనిపించుకుంటే ఇంక జన్మలో అప్లై చెయ్యనని నాతో అంది. నవ్వుతూనే అంది గానీ, చేతిలో ఉన్న అరేపా, అంటే వాళ్ల మొక్కజొన్న రొట్టె, తినకుండా అలాగే మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

ఆవిడకు బడ్జెట్లు నేర్పాల్సిన అవసరం లేదు. రూల్సు నేర్పాల్సిన అవసరం అంతకన్నా లేదు. వైస్ ప్రెసిడెంట్‌ను పేరు పెట్టి పిలవడం నేర్పాలి. ఎవరు నేర్పాలి? ఆయన్ను "హాయ్" అని పిలిచే నేను!

మొదట నేనే వైస్ ప్రెసిడెంట్ వేషం వేశాను. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే పొట్ట అడ్డం వచ్చింది. ఆవిడ నా ముఖం చూసి పేరు పలకబోయి, సగంలో నవ్వేసి, నన్ను కూడా నవ్వించేసింది. అలా కాదని, కిటికీ దగ్గరున్న మొక్కకు ఆ పేరు పెట్టాం. మేం దాన్ని మనీప్లాంట్ అంటామని చెప్పాను. ఫైనాన్స్ వైస్ ప్రెసిడెంట్‌కు ఇంతకన్నా తగిన మొక్క లేదని ఆవిడ తీర్మానించింది. రోజూ పొద్దున్నే వచ్చి, మొక్కను పేరుపెట్టి పలకరించి, నీళ్లు పొయ్యాలి. అదీ పాఠం.

"గుడ్ మార్నింగ్, డాక్…"

"మేడమ్, మొక్కకు డాక్టరేట్ లేదు."

"ఇంత పచ్చగా ఉంది, ఇవ్వొచ్చు కదా డాక్టోరా!"

కొన్నాళ్లకు నోరు తిరిగింది. పేరుతో పాటు చనువు వచ్చింది. చనువుతో పాటు గదమాయింపు వచ్చింది. ఒకరోజు ఆవిడ తలుపు వైపు వీపు పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆయన పేరు పలికి, "నువ్వు మరీ ఎక్కువ తాగుతున్నావు. చూడు, ఆకులు పసుపుపచ్చగా అయిపోయాయి. ఎంత పోసినా ఇంకా ఇంకా అంటావు. ఇక చాలు. సోమవారం వరకూ నీళ్లు లేవు!" అంది.

గుమ్మంలో, కాఫీ కప్పు పట్టుకుని, ఆ పేరు గల మనిషి నిలబడి ఉన్నాడు. మా మేనేజర్ కోసం వచ్చాడట. కడుపులో పిల్ల ఒక్క తన్ను తన్నింది.

"ఈ కాఫీ తాగొచ్చా, ఇదీ సోమవారమేనా?" అన్నాడాయన.

ఆవిడ గిరుక్కున తిరిగి, "డాక్టర్!" అంది.

"బాగుంది. మొక్కకు పేరు, నాకు డాక్టరా?" అని నవ్వి, వెళ్తూ వెళ్తూ మొక్కను ఒకసారి చూసి, "నాతో ఎవరూ ఇలా మాట్లాడరు" అన్నాడు. అది ఫిర్యాదో, నిట్టూర్పో మాకు అర్థం కాలేదు. ఆయన వెళ్లాక ఆవిడ కుర్చీలో కూలబడి, "అయిపోయింది. ఇక ఇంటర్వ్యూకు కూడా పిలవరు" అంది. పిలిచారు.

అవి విద్యార్థులు వరదలా వస్తున్న రోజులు. సెప్టెంబర్‌లో ఒక టర్మ్, జనవరిలో ఇంకో టర్మ్, ప్రతిదానికీ ముందుదానికంటే ఎక్కువమంది. పంజాబీ, నైజీరియా ఇంగ్లీషు, స్పానిష్, మన తెలుగు, అన్నీ ఒకే కారిడార్‌లో. నాకైతే పండగలా ఉండేది. ఆ తోపులాటలో ఎవరో ఒకరు "అరేయ్, ఇటు కాదురా, రైటుకి!" అంటుంటే పరుగెత్తి వెళ్లి దారి చూపించాలనిపించేది. అలా పరిచయమైందే కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఒకరోజు నేను, కొలంబియా ఆవిడ కలిసి వెళ్తుంటే ఎదురైంది.

"ఎట్లున్నవే? క్లాసులు ఎలా ఉన్నాయి?" అన్నాను, ఆ అమ్మాయి యాస నాకూ అంటుకుని.

"ఏం క్లాసులక్కా! కూసోనీకి జాగ లేదు. మెట్ల మీద కూసుంటున్న. ప్రొఫెసర్ సార్ ఏం రాస్తుండో కూడ కనవడ్తలేదు. రూమ్ సుత గంతే, బేస్‌మెంట్ల ఒగల మీద ఒగలం ఉంటున్నం."

ఏమంటోందని ఆవిడ అడిగింది. నేను చెప్పేలోపు ఆ అమ్మాయి నిటారుగా నిలబడి, ముఖమంతా నవ్వు చేసుకుని, ఇంగ్లీషులో అంది: "నథింగ్ మేమ్. ఆల్ గుడ్ మేమ్. థాంక్యూ మేమ్."

తర్వాత నేను అసలు మాటలు చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగి, ఆ అమ్మాయి వెళ్లిన వైపు చూసింది.

"ఆల్ గుడ్" అంది. "నేనూ ఇదే అంటాను డాక్టోరా. ఇన్నేళ్లుగా పైవాళ్లు అడిగిన ప్రతిసారీ. ఇంకో సెక్షన్ తెరవొచ్చా? ఆల్ గుడ్, డాక్టర్."

ఆఖరి ఘట్టం ఓపెన్ ఫోరం. పోటీలో మిగిలిన అభ్యర్థులు ఒక్కొక్కరూ ఒక్కో రోజు యూనివర్సిటీ మొత్తం ముందు మాట్లాడాలి. వచ్చినవాళ్లు ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు. ఆవిడ వంతు వచ్చిన రోజు బయట మంచు ఎగిరి కొడుతోంది. హాల్లో మాత్రం కోట్లు విప్పి ఒళ్లో పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. సగం మంది విద్యార్థులు మెట్ల మీదే కూర్చున్నారు. కరీంనగర్ అమ్మాయి కూడా అక్కడే, మెట్ల మీదే. నేను వెనక గోడకు ఆనుకుని, పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని నిలబడ్డాను. మా మేనేజర్ నాకో కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోలేకపోయాను.

ఆవిడ ముదురాకుపచ్చ రంగు జాకెట్ వేసుకుంది. బాగా మాట్లాడింది. ప్రెసిడెంట్‌ను పేరు పెట్టి పలకరించింది. డీన్‌ను పేరు పెట్టి పలకరించింది. ప్రతి పేరుకూ నేను లోపల్లోపల చప్పట్లు కొట్టాను. అయితే అన్నీ అప్పజెప్పిన పాఠంలా ఉన్నాయి. తప్పు ఒక్కటీ లేదు, ప్రాణం కూడా లేదు. ముందు వరసలో ఒకాయన వాచీ చూసుకున్నాడు.

అప్పుడు వైస్ ప్రెసిడెంట్ లేచాడు.

"నాది చిన్న ప్రశ్న. మీరు రిజిస్ట్రార్ అయ్యారనుకోండి. జనవరి టర్మ్‌కు ఇంకా సీట్లు తెరవమని నేను మీ ఆఫీసుకు వస్తాను. మనకు అప్లికేషన్లు ఉన్నాయి, ఫీజులూ కావాలి. నాకేం చెబుతారు?"

ఆయనకు ఎదురుచెప్పేవాళ్లు ఎవరూ లేరని అందరికీ తెలుసు. ఆవిడ నోరు తెరిచింది.

"డాక్టర్…"

నేను కళ్లు మూసుకున్నాను. పోయింది. ఇన్నాళ్ల మొక్క, ఇన్నాళ్ల నీళ్లు, అన్నీ పోయాయి.

"నేను డాక్టర్‌ను కానని మీకు తెలుసు కదా" అన్నాడాయన. కొందరు ఇబ్బందిగా నవ్వారు.

"తెలుసు" అంది ఆవిడ. ఆ గొంతు విని నేను కళ్లు తెరిచాను. పాఠం అప్పజెప్పే గొంతు కాదది. "మా ఊళ్లో గౌరవించదగిన మనిషిని డాక్టర్ అంటాం. పట్టా చూపించమని అడగం. కాబట్టి ముందు గౌరవం. ఇప్పుడు జవాబు."

ఆయన పేరు పలికింది. ముందూ వెనకా ఏమీ లేని ఒట్టి పేరు. చెయ్యి తనకు తెలియకుండానే నడుం మీదకు వెళ్లింది.

"ఇక చాలు. నువ్వు మరీ ఎక్కువ తాగుతున్నావు. ఆకులు పసుపుపచ్చగా అయిపోయాయి, కనిపించడం లేదా? అటు చూడు, మెట్ల మీద. కూర్చోవడానికి కుర్చీ లేనివాళ్లకు మనం సీటు ఇచ్చామని ఉత్తరాలు పంపాం. అడిగితే వాళ్లు ఆల్ గుడ్ అంటారు. మర్యాద తెలిసిన పిల్లలు కాబట్టి అలా అంటారు. నేనూ అలాగే పెరిగాను, కాబట్టి నాకు ఆ మాటకు అర్థం తెలుసు. ఇంకా పోస్తే వేళ్లు కుళ్లిపోతాయి."

ఇంగ్లీషులో మీరు, నువ్వు రెండూ ఒకటే. హాల్లో ఎవరికీ తేడా తెలియలేదు. నాకు మాత్రం అది ముమ్మాటికీ మొక్కతో మాట్లాడే "నువ్వు" అని వినపడింది. ఆయనకూ వినపడినట్టుంది. మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం వరకా?"

"సెప్టెంబర్ వరకు" అంది.

ఆయన నవ్వాడు. పెద్దగా, తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆ హాల్లో ముగ్గురికే తెలుసు. మిగతావాళ్లు ఏమీ తెలియకుండానే నవ్వారు, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. మెట్ల మీద నుంచి కరీంనగర్ అమ్మాయి, "అక్కా, ఇరగదీసింది!" అని హాలంతా వినపడేలా తెలుగులో అరిచింది. నేను అప్పుడు కూర్చున్నాను.

ఫలితం వెంటనే రాలేదు. ఆ ఎదురుచూపులో నాకు మళ్లీ దిగుళ్లు. నవ్వాడు సరే, నవ్విన మనిషే మనసులో పెట్టుకోవచ్చు కదా? డాక్టర్ అన్నదే అందరికీ గుర్తుంటే? నంబర్ టూ అన్న మాటే మళ్లీ వస్తే? కొలంబియా ఆవిడ మాత్రం రోజూ వచ్చి మొక్కకు నీళ్లు పోసి వెళ్లిపోయేది.

ఒకరోజు వచ్చేసరికి కిటికీ దగ్గర మొక్క లేదు. కుండీ గుర్తు మాత్రం గుండ్రంగా ఉంది. ఎవరు తీశారా అని నేను వెతుకుతుంటే మా మేనేజర్ తలుపు దగ్గరికి వచ్చింది. మేడమ్ అంటే ఎవరు చనిపోయారని అడిగిన మనిషి, తన తల్లిని కూడా పేరు పెట్టి పిలిచే మనిషి.

"నువ్వు పైకి వెళ్లు" అంది. ముఖంలో ఏమీ కనిపించలేదు. "డాక్టోరా నిన్ను రమ్మంటోంది."

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లిఫ్టు కోసం ఆగలేదు. ఆ నెలల్లో ఎవరూ ఎక్కకూడనంత వేగంగా మెట్లు ఎక్కాను. రిజిస్ట్రార్ గదిలో పెట్టెలు ఇంకా విప్పలేదు. బల్ల ఖాళీ. కిటికీలో మాత్రం మనీప్లాంట్ ఎండ వైపు తిరిగి ఉంది. ఆవిడ లేచి నిలబడింది. మేడమ్ అనబోయి ఆగిపోయాను. పేరు పెట్టి పిలవడం నేర్పింది నేను, నేనొక్కసారీ ఆవిడను అలా పిలవనే లేదు. ఆవిడ పేరు పలికాను. కొలంబియా కొండల పేరు, మూడక్షరాలు, చివర్లో కాస్త పాడినట్టు ఉంటుంది.

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, తల కొంచెం వంచి, "చెప్పండి, డాక్టోరా" అంది.

ఆ జనవరిలో సీట్లు పెంచలేదు. తర్వాత వాళ్లిద్దరూ ఎన్నోసార్లు పోట్లాడుకున్నారని, ఆయన ఆ గదికి వెళ్లినప్పుడల్లా ముందు మొక్క ఆకులు చూస్తాడని మా మేనేజర్ చెబుతూ ఉంటుంది. కరీంనగర్ అమ్మాయి ఆ టర్మ్ మొదటి వారమే ఫొటో పంపింది: ఒక కుర్చీ, దాని మీద తన బ్యాగు. కింద, "నాదే అక్కా!" అని. నా కాంట్రాక్టు నా ప్రసవంతో పాటే ముగిసింది. ఆ కార్యక్రమంలోని మిగతావాళ్లలో కొందరు ఇప్పుడు పై అంతస్తులో ఉన్నారు. అక్కడ ఈ మధ్య స్పానిష్ గట్టిగానే వినపడుతోందట, ముఖ్యంగా నవ్వినప్పుడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ బాసును ఏమని పిలవాలో నాకిప్పటికీ తెలియదు. మీ నోటికి ఏది వస్తే అది పిలవండి. "ఆల్ గుడ్" అని మాత్రం అనకండి, గుడ్ అయితే తప్ప.

ఇక మా అమ్మాయి సంగతి. అమ్మ అనాలి అని నిన్నంతా నేర్పించాను. విన్నది, తల ఊపింది. ఇవాళ సాయంత్రం మళ్లీ గుమ్మంలోకి వచ్చి, గ్లాసు ఊపి, గట్టిగా నా పేరు పెట్టి పిలిచింది. మా అమ్మ ఫోన్‌లో చూస్తూనే ఉంది. నేను స్టవ్ కట్టేసి, తల కొంచెం వంచి అన్నాను:

"చెప్పండి, డాక్టోరా."